నవాబు కడుపులో పుండు

ఆ రోజుల్లో, అంటే యాభైల చివర్లో, జగ్గయ్యపేట నుంచి చుట్టుపక్కల ఏ పల్లెకు వెళ్ళాలన్నా బస్సు, ఎద్దుబండి, జట్కా, సొంత కాళ్ళు అని నాలుగు వాహనాలు ఉండేవి. వీటిలో బస్సు దానికి తోచినప్పుడు వచ్చేది. ఎద్దుబండి తొందరగానే బయల్దేరేది గానీ తొందరగా చేరేది కాదు. నడిచి వెళ్ళడం టీచరుకు మర్యాద కాదని మా పెద్దమ్మ అభిప్రాయం (ఆవిడ మాత్రం ప్రతి ఆదివారం చర్చికి మైలు దూరం నడిచేది, అది భక్తి కింద లెక్క). అందుచేత నేను ట్రైనింగు పూర్తిచేసి, ఇరవై రెండో ఏట, చిల్లకల్లు దాటాక రెండు మైళ్ళ అవతల ఒక పల్లె బడిలో టీచరుగా చేరినప్పుడు, నా ఉద్యోగం మంచిచెడ్డలన్నీ ఒక గుర్రం మీద ఆధారపడ్డాయి. ఆ ఏడాది హెడ్మాస్టరుగారు నా గురించి ఏమనుకుంటున్నారో అని ఎంత బెంగపడ్డానో, గుర్రం ఏమనుకుంటోందో అని అంతకు రెట్టింపు బెంగపడ్డాను. ఇప్పుడు చెప్పుకుంటే మనవరాళ్ళు నమ్మరు.

గుర్రం పేరు నవాబు. ఎర్రటి ఒళ్ళు, నుదుటి మీద తెల్ల మచ్చ, బస్టాండు దగ్గర ఆగినప్పుడు జనాన్ని అదోలా చూసే చూపు. ఆ చూపు వల్లే ఆ పేరు వచ్చిందట. జట్కా తోలే ఆయన్ని ఊరంతా సాయిబుగారు అనే పిలిచేవారు, నేనూ అంతే. యాభై దాటిన మనిషి, సన్నగా, తెల్ల గడ్డంతో ఉండేవాడు. మాట ఇస్తే తప్పడని పేరు. మా పెద్దమ్మ ఆయన్ని పిలిపించి, అమ్మాయిని రోజూ బడికి తీసుకెళ్ళి తీసుకురావాలని మాట్లాడింది. బడి గంట పదింటికి. తొమ్మిదిన్నర దాటాక చేరితే చాలునని పెద్దమ్మ అంటుంటే నేను మధ్యలో కలగజేసుకుని, తొమ్మిదింటికల్లా నేను బళ్ళో ఉండాలి అన్నాను. కొత్త టీచరు అందరికంటే ముందు వచ్చి కూర్చుందంటే హెడ్మాస్టరుగారి దృష్టిలో పడుతుందని నా ఆలోచన. సాయిబుగారు ఒకసారి గుర్రం వైపు చూశాడు. తర్వాత నా వైపు చూసి, "అట్టాగేనమ్మా, మాటంటే మాటే," అన్నాడు. ఆ మొదటి చూపుకు అర్థం తెలుసుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

మొదటి నెల బాగానే గడిచింది. ఉదయం ఎనిమిదింటికల్లా జట్కా మా గుమ్మం ముందుండేది. నేను ఇస్త్రీ చీర కట్టుకుని, గొడుగు పట్టుకుని, ముందు వైపు ఎక్కి కూర్చునేదాన్ని. తొమ్మిదింటికి నా తరగతి తలుపులు తీయించేదాన్ని. హెడ్మాస్టరుగారు అప్పటికే తన గదిలో కూర్చుని ఉండేవారు. ఎంత ముందు వెళ్ళినా ఆయన నాకంటే ముందే ఉండటం చూసి, ఇటువంటి కర్తవ్యదీక్ష నాకెప్పుడు వస్తుందా అని సిగ్గుపడేదాన్ని. ఆయన నా రాకను గమనించారు కూడా. పదిహేను రోజుల్లోనే, ఎలాగూ ముందు వస్తున్నారు గదా అని, ప్రార్థన ఏర్పాట్లూ, లెక్కల్లో వెనకబడిన పిల్లలకు ప్రత్యేక పాఠమూ నాకు అప్పజెప్పారు. నేను పొంగిపోయాను. (దృష్టిలో పడటమంటే ఏమిటో అనుభవం మీద తెలుస్తుంది.)

రెండో నెలలో నవాబు నన్ను చూసి ఆవలించడం మొదలుపెట్టాడు. ఇది నా ఊహ కాదు. నేను గుమ్మంలోంచి బయటికి వచ్చేసరికి నోరు బారెడు తెరిచి, పై పెదవి ముడిచి, పళ్ళన్నీ బయటపెట్టి ఒకసారి, నేను మెట్టు మీద కాలు పెట్టేసరికి ఇంకోసారి. బండి కదిలాక పళ్ళు పరపరా కొరికేవాడు. బండిలో ముందు వైపే కూర్చున్న నాకు ఆ చప్పుడు స్పష్టంగా వినిపించేది. సాయిబుగారు పొట్ట కింది పట్టీ బిగించబోతే చెవులు వెనక్కి వాల్చి ఆయన భుజం కొరకబోయేవాడు. అంతకు ముందు ఏడేళ్ళలో ఎప్పుడూ అలా చేయలేదని ఆయనే ఒప్పుకున్నాడు. మా ఎదురింటి ముందు పాలకు నిలబడే ఆడవాళ్ళు ఈ తమాషా రోజూ చూసేవారు. వారం తిరిగేసరికి పేటలో, కొత్త టీచరమ్మను చూస్తే గుర్రానికి కూడా ఆవలింతలొస్తున్నాయి, పిల్లలేం వింటారు పాపం అనే మాట పుట్టింది. అది బస్టాండు దాటి, చిల్లకల్లు దాటి, నాకంటే ముందే మా బడికి చేరింది. ఐదో తరగతి వెనక వరసలో ఎవరో ఒకరు రోజూ గుర్రంలాగా ఆవలించేవారు.

నేను దాన్ని మనసుకు పట్టించుకున్నాను. ముందు తలనూనె మార్చాను, వాసన గిట్టడం లేదేమోనని. తర్వాత ఎర్రంచు చీరలు పక్కన పెట్టాను. గొడుగు చూసి బెదురుతోందేమోనని మడిచి చీర కొంగు కింద దాచుకుని ఎక్కాను. బెల్లం ముక్క తెచ్చి అరచేతిలో పెట్టి చూపించాను. బెల్లం తిన్నాడు, తిని ఆవలించాడు. మా పెద్దమ్మ సాయంత్రం కుటుంబ ప్రార్థనలో నా పేరు తర్వాత నవాబు పేరు కూడా చేర్చింది. ఎవరి మనసు మారాలని ప్రార్థిస్తున్నదో మాత్రం విప్పి చెప్పలేదు.

మూడో నెల దాటేసరికి నవ్వులాట కాస్తా నవ్వులాటగా మిగల్లేదు. నవాబు చిక్కిపోయాడు. డొక్కలు బయటపడ్డాయి, ఒంటి మీద నిగనిగలు పోయి బొచ్చు దుమ్ము పట్టినట్టు అయింది. ఉలవలు పెడితే ఆత్రంగా మూతి పెట్టి, నాలుగు బుక్కలు తిని వదిలేస్తున్నాడట. రోడ్డు మీద నడుస్తూ నడుస్తూ ఆగిపోయి, తల తిప్పి తన పొట్ట వైపు చూసుకునేవాడు. నేను మూడుసార్లు పదిన్నరకు బడికి చేరాను. హెడ్మాస్టరుగారు మూడుసార్లూ హాజరు పుస్తకంలో ఎర్ర సిరాతో గీత పెట్టారు. ఇంకొకసారి అయితే పైకి రాయవలసి వస్తుందని, నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదని గుర్తుచేశారు. సాయిబుగారు తనకు తెలిసినవన్నీ చేశాడు. అల్లం, వాము, వెల్లుల్లి నూరి పట్టించాడు. మెడకు నల్లతాడు కట్టాడు. ఒకరోజు తిరుగుదారిలో రోడ్డు వైపే చూస్తూ చెప్పాడు.

"సున్నం బట్టీ వాళ్ళు అడుగుతున్నారమ్మా, రాయి తోలే బండికి. ఇచ్చేద్దామనుకుంటున్నా."

బట్టీ బళ్ళకు వెళ్ళిన గుర్రం ఏడాది నిలవదని నాకు అప్పటికే తెలుసు. ఒక పదిహేను రోజులు ఆగమని అడిగాను. ఎందుకు ఆగమంటున్నానో నాకే తెలియదు. నా వల్లే గుర్రం పాడైందని ఊరంతా అనుకుంటుండగా అది బట్టీకి వెళ్ళిపోతే ఆ మాట ఇక శాశ్వతంగా ఉండిపోతుందన్న భయం కొంత ఉంది. నవాబు మీద జాలి కూడా ఉంది గానీ, నిజం చెప్పొద్దూ, అప్పట్లో భయమే ఎక్కువ.

నందిగామలో మంచి పశువుల డాక్టరు ఉన్నాడని ఎవరో చెబితే ఆ శనివారం బడికి సెలవైనందున బస్సెక్కి వెళ్ళాను. ఆస్పత్రి ఆవరణ నిండా గేదెలూ, ఎడ్లూ, వాటి తాళ్ళు పట్టుకున్న రైతులూ. జంతువు లేకుండా వచ్చింది నేనొక్కదాన్నే. నా వంతు వచ్చేసరికి డాక్టరుగారు నా వెనక ఏమైనా ఉందేమోనని చూశారు. గుర్రం పేటలో ఉందని, ముప్ఫై కిలోమీటర్లు నడవలేదని (అప్పటికి మైళ్ళలోనే చెప్పి ఉంటాను, ఇప్పటి అలవాటు), దాని తరఫున నేను వచ్చానని చెప్పాను.

"సరేనమ్మా, ఏం చేస్తుందో చెప్పండి," అన్నారాయన.

చెబితే ఆయనకు అర్థం కాలేదు. ఆవలింత ఎలాంటిదని అడిగారు. నేను పై పెదవి ముడిచి, నోరు తెరిచి, చూపించాను. పళ్ళు కొరకడం చూపించాను. నడుస్తూ ఆగి మెడ తిప్పి పొట్ట చూసుకోవడం కూడా, అక్కడే నాలుగడుగులు నడిచి చూపించాను. అప్పటిదాకా తమ పశువుల బాధల్లో ఉన్న రైతులందరూ దగ్గరికి జరిగారు. ఒక పెద్దాయన జాలిపడి, ముందు ఈ అమ్మాయిని చూసి పంపించండి, మా గేదె ఆగుతుందిలే అన్నాడు. డాక్టరుగారు నవ్వకుండా ఉండటానికి చాలా ప్రయత్నం చేశారని చెప్పాలి. ఉలవలు వదిలేసి గడ్డి తింటోందా అని అడిగారు. తింటోందన్నాను. లద్దె ఎలా వేస్తోందని అడిగారు. ట్రైనింగు కాలేజీలో నేర్చిన మర్యాదైన భాషలో దానికి జవాబు చెప్పడానికి నాకు కొంచెంసేపు పట్టింది.

కడుపులో పుండు అయి ఉండొచ్చమ్మా అన్నారు చివరికి. గుర్రం లోపలికి తొంగి చూసే సాధనం ఏదీ లేదు, గుర్తుల్ని బట్టి పోల్చుకోవాల్సిందే అన్నారు. పళ్ళు అరిగినా, పురుగులున్నా ఇందులో కొన్ని గుర్తులు కనబడతాయట. గురువారం పని మీద పేటకు వస్తానని, అప్పుడు నోరు తెరిపించి చూస్తానని, ఈలోగా ఏయే గుర్తులు ఉన్నాయో గమనించి రాసిపెట్టమని ఒక్కొక్కటీ చెప్పారు. నేను పాఠం రాసుకున్నట్టు శ్రద్ధగా రాసుకున్నాను. ఆదివారం చర్చి నుంచి నేరుగా సాయిబుగారి ఇంటికెళ్ళి, ఒక గంట నవాబు ఎదురుగా ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, ప్రతి గుర్తుకూ ఎదురుగా జవాబు రాశాను. ఆ కాగితం ఎక్కడా పోకూడదని నా పాఠాల నోట్సు పుస్తకంలో పెట్టాను.

పాఠాల నోట్సు ప్రతి సోమవారం హెడ్మాస్టరుగారు చూసి సంతకం పెడతారన్న సంగతి ఆ క్షణంలో నాకు తట్టలేదు.

హెడ్మాస్టరుగారి గురించి ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. ఆయన పూర్వాశ్రమంలో స్కౌటు మాస్టరు. ఆ అలవాటు వదలక పంచె మీద కూడా తోలు బెల్టు పెట్టుకునేవారు. మధ్యాహ్నం క్యారియరు తెరిచి, నాలుగు ముద్దలు తిని, మూత పెట్టేసేవారు. పిల్లవాడు లెక్క తప్పు చేస్తే పళ్ళు కొరికేవారు. బెల్టును కూర్చున్నప్పుడు వదులు చేసి, లేచినప్పుడు బిగించి, బిగించినప్పుడల్లా ఎదురుగా ఉన్నవాళ్ళ మీద విసుక్కునేవారు. ఇవన్నీ నాలుగు నెలలుగా నేను చూస్తున్నవే. అయినా పెద్దవాళ్ళలో ఇవి హోదా వల్ల వచ్చే లక్షణాలనుకునేదాన్ని.

సోమవారం మధ్యాహ్నం నన్ను గదిలోకి పిలిపించారు. బల్ల మీద నా నోట్సు, దాని మీద ఆ కాగితం. అందులో రాసింది నాకు ఇప్పటికీ కంఠస్థమే. 'తిండి ఆత్రముగా మొదలుపెట్టి సగములో వదలుట: ఉన్నది. పళ్ళు కొరుకుట: ఎక్కువగా ఉన్నది. అకారణముగా ఆవలించుట: ఉన్నది, ముఖ్యముగా ఉదయము. నడుము పట్టీ బిగించినపుడు కోపము: తప్పక ఉన్నది. దగ్గరకు వచ్చినవారిపై విసుగు: ఉన్నది. ఒళ్ళు చిక్కుట: ఉన్నది. గురువారము డాక్టరుగారు వచ్చి నోరు తెరిపించి చూచెదరు.' గుర్రం అనే మాట ఎక్కడా లేదు. ఎవరి గురించి రాస్తున్నానో నాకు తెలుసు గదా, అందుకని రాయలేదు.

"ఇది ఎవరు గమనించి రాశారమ్మా?" అన్నారాయన.

ఆలస్యాలకు కారణం ఇన్నాళ్ళకు ఆయనకు అర్థమైందనుకుని నేను ధైర్యం తెచ్చుకున్నాను. "నేనే సార్. చాలా రోజుల్నుంచి గమనిస్తున్నా."

"పట్టీ సంగతి కూడానా?"

"అది ఊళ్ళో అందరికీ తెలిసిందే సార్. బిగించేటప్పుడు కరవబోవడం కూడా ఉంది, అది రాయలేదు."

అప్రయత్నంగా ఆయన చేయి బెల్టు మీదికి వెళ్ళింది, వెళ్ళి వెనక్కి వచ్చింది.

"నేను ఎవర్ని కరవబోయానమ్మా?"

గుర్రం సార్, అన్నాను. ఏ గుర్రమని అడిగారు. నవాబు సార్, అన్నాను. ఆ తర్వాత జరిగిందంతా, ఆవలింతలూ, బెల్లం ముక్కా, నందిగామ బస్సూ, సున్నం బట్టీ, అన్నీ వరస తప్పి చెప్పాను. ఉద్యోగం ఆ క్షణాన పోయిందనే అనుకున్నాను. ఆయన కాగితం మళ్ళీ తీసుకుని, మొదటి నుంచి చివరి దాకా చదివారు. ఈసారి మెల్లగా చదివారు. చదివి, ఈ పుండు ఉంటే గుర్రానికి నొప్పి ఎప్పుడు ఎక్కువ వస్తుందన్నాడు మీ డాక్టరు అని అడిగారు. ఖాళీ కడుపుతో ఉన్నప్పుడట సార్ అన్నాను. ఆయన తల ఊపి, సంతకం పెట్టి, నోట్సు నా చేతికిచ్చారు. కాగితం ఇవ్వలేదు. అడిగే ధైర్యం నాకు లేక, సాయంత్రం ఇంటికెళ్ళి ఇంకోటి రాసుకున్నాను.

గురువారం డాక్టరుగారు అన్న మాట ప్రకారం వచ్చారు. నవాబు నోరు తెరిపించి, నాలుక పక్కకు లాగి, పళ్ళు తడిమి చూశారు. పళ్ళు బాగానే ఉన్నాయన్నారు. లద్దె విరిచి చూసి పురుగులు లేవన్నారు. పట్టీ పడే చోట పైన పుండేమీ లేదు, అయినా అక్కడ చెయ్యి ఆనిస్తే నవాబు చెవులు వాల్చాడు. అప్పుడు డాక్టరుగారు సాయిబుగారి వైపు తిరిగి, నాలుగు నెలల కిందట దీని తిండిలోగానీ పనిలోగానీ ఏం మారిందని అడిగారు.

ఏమీ మారలేదండీ అన్నాడు సాయిబుగారు. అని నా వైపు చూడకుండా నేల చూశాడు. డాక్టరుగారు వదల్లేదు. పొద్దున లేస్తే ఏం పెడతావు, ఎప్పుడు కడతావు అని గుచ్చి గుచ్చి అడిగితే ఒక్కొక్క ముక్కే బయటికొచ్చింది. అంతకు ముందు నవాబును తెల్లారగట్లే ఊరి చివర బీడులో వదిలేవాడట, తొమ్మిది దాకా మేసేవాడట. తర్వాతే బండి కట్టడం. ఇప్పుడు ఏడున్నరకల్లా కట్టాలి గనక బీడు మానేశాడు. ఖాళీ కడుపుతోనే ఐదు మైళ్ళు పరుగు. దిగాక బేరాల కోసం నిలబడటం. తిండంతా సాయంత్రం ఒక్కసారే, పొద్దంతా ఏమీ తినలేదు గదా అని ఉలవలు రెండింతలు.

"గుర్రం కడుపులో పులుపు రోజంతా ఊరుతూనే ఉంటుందయ్యా," అన్నారు డాక్టరుగారు. "మనలాగా తిన్నప్పుడు మాత్రమే కాదు. అది పుట్టిందే రోజంతా గడ్డి కొరకడానికి. లోపల గడ్డి లేకుండా పరిగెత్తిస్తే ఆ పులుపంతా ఎగిరి కడుపు గోడకి తగులుతుంది. ఇంత పొద్దున్నే కట్టమని నీకెవరు చెప్పారు?"

సాయిబుగారు వంగి నవాబు పట్టీ సర్దసాగాడు. నేనే చెప్పాను, నేనండీ అని. ముందే ఎందుకు చెప్పలేదని ఆయన్ని తర్వాత అడిగితే, మాటిచ్చా గదమ్మా అన్నాడు. నాలుగు నెలలు నేను తలనూనెలు మార్చి, చీరలు మార్చి, గొడుగు దాచి, గుర్రానికి నేనంటే ఎందుకు పడదా అని మథనపడ్డాను. ఆ కారణం నా ఇస్త్రీ చీరలో కాదు, తొమ్మిదింటికే బళ్ళో కనబడాలన్న నా ఉబలాటంలో ఉంది. ఊళ్ళోవాళ్ళు అనుకున్నది దాదాపుగా నిజమే.

మర్నాడు పది నిమిషాలు హెడ్మాస్టరుగారి గది బయట నిలబడి, లోపలికి వెళ్ళి, ఇకమీదట తొమ్మిదింటికి రాలేనని చెప్పాను. ప్రార్థనా, ప్రత్యేక పాఠమూ సాయంత్రానికి మార్చుకుంటానన్నాను. కారణం అడిగితే, గుర్రం మేయాలి సార్ అన్నాను. ఏ ఉద్యోగీ తన అధికారికి అటువంటి కారణం చెప్పి ఉండరు. ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. బల్ల మీద ఆకులో రెండు ఇడ్లీలు ఉన్నాయి, ఆ గదిలో ఉదయం పూట తిండి చూడటం అదే మొదటిసారి.

"మంచిపని చేశారమ్మా. మీరు తొమ్మిదింటికి వస్తున్నారని, కొత్త టీచరు కంటే వెనక రావడం బాగుండదని, నేను ఎనిమిదిన్నరకే వస్తున్నా. టిఫిను లేకుండా. నాలుగు నెలల్నుంచి."

రెండు కడుపుల ఉసురు పోసుకున్నానని నాకు అప్పుడు అర్థమైంది. ఆయన మాత్రం కోపంగా లేరు. బెజవాడ వెళ్ళి డాక్టరుకు చూపించుకున్నానని, నా కాగితమే అతనికి ఇచ్చానని చెప్పారు. ఆ డాక్టరు చదివి, ఇంత చక్కగా గమనించిన మనిషి మీ ఇంట్లో ఎవరండీ అని అడిగాడట. ఏం చెప్పారు సార్ అని నేనడగలేదు.

నవాబుకు పొద్దున్నే బీడూ, బండి కట్టబోయే ముందు ఒక మోపు పిల్లిపెసర మేతా ఏర్పాటయ్యాయి. ఉలవలు తగ్గించి మూడు పూటలు చేశారు. డాక్టరుగారిచ్చిన తెల్లపొడి కొన్నాళ్ళు పట్టించారు. పదిహేను రోజులు బండి కట్టలేదు. ఆ పదిహేను రోజులూ నేను మర్యాద పక్కనపెట్టి నడిచాను, పెద్దమ్మ చూడనట్టు ఊరుకుంది. మూడో వారానికి పళ్ళ చప్పుడు ఆగింది. నెలన్నరకు పట్టీ బిగిస్తుంటే కదలకుండా నిలబడ్డాడు. ఆవలింతలు పోయాయి. ఒంటి మీద నిగనిగలు మాత్రం చాలా నెమ్మదిగా వచ్చాయి. సున్నం బట్టీ వాళ్ళు వేరే గుర్రాన్ని చూసుకున్నారు. ఐదో తరగతి వెనక వరసలో ఆవలింతలు మాత్రం కొనసాగాయి. వాటికి కారణం నా పాఠమేనని ఇప్పుడు ఒప్పుకోవచ్చు.

రెండేళ్ళ తర్వాత నాకు నందిగామకు బదిలీ అయింది. ట్రంకు పెట్టె బస్టాండుకు చేర్చాలి గనక ఆ ఉదయం నేనే సాయిబుగారి కోసం బీడుకు వెళ్ళాను. మంచు ఇంకా పూర్తిగా విడలేదు. నవాబు గడ్డిలో మూతి పెట్టి మేస్తున్నాడు. సాయిబుగారు కళ్ళెం పట్టుకుని లేచాడు, టీచరమ్మకు బస్సు టైమవుతోందిరా అంటూ. నవాబు తలెత్తలేదు. ఆయన చిన్నబోయి, ఏమనుకోకండమ్మా అన్నాడు. కాసేపు మేయనివ్వండి అన్నాను. ఇద్దరం గట్టు మీద కూర్చున్నాం. గడ్డి తెగుతున్న చప్పుడు తప్ప అక్కడ ఇంకేమీ వినిపించలేదు. రోడ్డు మీద బస్సు వచ్చింది, ఆగింది, వెళ్ళింది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరమూ గట్టు మీంచి లేవలేదు.

కొత్త బడిలో చేరిన మొదటి రోజే రెండు గంటలు ఆలస్యంగా వెళ్ళాను. అక్కడి హెడ్మాస్టరు కారణం అడిగారు. బస్సు తప్పిపోయిందని చెప్పాను.